పళ్లెమంత మందారం ఫోటోలో చిన్నబోకుండా తీయడం ఎలా?

మిద్దె మీద తోట పెంచే వాళ్ల దగ్గర్నుంచి ఏటా వానాకాలం మొదలయ్యేసరికి అవే రెండు ప్రశ్నలు వస్తాయి. ఒకటి: "పువ్వు జానెడుకి మించి ఉందండీ, ఫోటోలో చూస్తే మామూలు మందారంలాగే ఉంది. ఏటి చెయ్యాలి?" రెండోది: "ఎరుపంతా ముద్దగా వచ్చేస్తోంది, రేకు మీద ఒక్క ఈనె కూడా కనిపించట్లేదు."

రెండింటికీ జవాబులు చిన్నవే. మొదటిదానికి, పువ్వుకి దగ్గరగా వెళ్లడం మానేసి వెనక్కి జరగండి. రెండోదానికి, ఫోన్ చూపించే వెలుతురు కన్నా కాస్త చీకటిగా తీయండి. శ్రీకాకుళం, విజయనగరం ఎండలో, గాలిలో, ఇరుకు మిద్దెల మీద ఆ రెండు పనులూ ఎలా చేయాలో వరసగా చెబుతాను.

ముందు, మీ దగ్గరున్నది ఏ మొక్క?

పళ్లెమంత మందారం అని అమ్ముతున్నవి రెండు రకాలు. మొదటిది అమెరికా చిత్తడి నేలల మొక్క, హైబిస్కస్ మోష్యుటోస్, దాని సంకరాలు. ఆకు మెరవదు, మసకగా ఉంటుంది. పువ్వు 20 నుంచి 30 సెంటీమీటర్ల వరకూ వస్తుంది, రేకు పల్చటి కాగితంలా ఉంటుంది. చలి దేశాల్లో శీతాకాలం కాండమంతా ఎండిపోయి, ఎండలు ముదిరాక మళ్లీ వేరు నుంచి చిగురిస్తుంది. రెండోది కడియం నర్సరీల నుంచి మన వైపు వచ్చే పెద్ద పూల హైబ్రిడ్ మందారం. నిగనిగలాడే ఆకు, మందమైన రేకు, మధ్యలో పొడుగ్గా ముందుకి పొడుచుకొచ్చే కాడ. పువ్వు మొదటిదాని కన్నా కాస్త చిన్నది.

ఫోటో తీసే పద్ధతి రెండింటికీ దాదాపు ఒకటే. తేడా ఉన్నచోట చెబుతాను.

అన్నట్టు, ఆన్‌లైన్‌లో ఆకాశనీలం రంగు పళ్లెం మందారం విత్తనాలని కనిపిస్తే కొనకండి. ఈ రకంలో ఆ రంగు పువ్వు లేదు. అది ఎడిటింగ్‌లో పూసిన రంగు. అలాంటి ఫోటోలు చూసీ చూసీ మన మొక్క పూసిన అసలు గులాబీ రంగు చప్పగా ఉందనిపిస్తుంది, అదీ నాకు బాధ.

కావలసినవి

- రెండు మూడు లెన్సులున్న ఫోన్, లేదా మామూలు 18–55 లెన్సు ఉన్న కెమెరా. ఇంత పెద్ద పువ్వుకి మాక్రో లెన్సు (చిన్న వస్తువుల్ని బాగా దగ్గర నుంచి తీసేది) అక్కర్లేదు. డబ్బు పెట్టి కొనాలన్న ఆలోచన ఉంటే ఈ పువ్వు కోసమైతే మానుకోండి.
- పాత తెల్ల పంచె లేదా పల్చటి కాటన్ తువ్వాలు. ఎండని మెత్తబరచడానికి. పొందూరు ఖద్దరు పల్చగా, తెల్లగా ఈ పనికి అచ్చంగా సరిపోతుంది కానీ, ఆ నేత విలువ తెలిసిన వాళ్లు దాన్ని మొక్కల మధ్య కర్రలకి కట్టరు. చిరిగిన పంచె చాలు.
- తెల్ల థర్మాకోల్ షీటు, అర మీటరుది.
- నల్ల చార్ట్ పేపరు లేదా నల్ల శాలువా.
- సన్నటి వెదురు పుల్ల, బట్టలకి పెట్టే క్లిప్పులు రెండు.
- మెత్తటి పెయింట్ బ్రష్, శుభ్రమైన బట్ట.
- ట్రైపాడ్ ఉంటే మంచిది. లేకపోతే ప్లాస్టిక్ స్టూలు, దాని మీద బియ్యం పోసిన చిన్న సంచి.

1. ముందు రోజు సాయంత్రమే పని మొదలుపెట్టండి

ఈ పువ్వుకి ఆయుష్షు ఒక్క పగలు. పొద్దున విచ్చుకుంటుంది, సాయంత్రానికో మర్నాటికో ముడుచుకుపోతుంది. కాబట్టి రేపు ఏది పూస్తుందో ఇవాళే చూసుకోవాలి. ఉబ్బి, కొసన రంగు బాగా బయటపడిన మొగ్గ రేపటిది. ఇంకా పచ్చగా, గట్టిగా ఉంటే ఆగాలి.

ఆ సాయంత్రం కుండీకి నీళ్లు నిండుగా పోయండి. పుట్టుక చిత్తడి నేలది కనుక, మట్టి ఆరితే మోష్యుటోస్ రేకులు అంచుల్లో వాలిపోతాయి. కడియం రకానికి మామూలు తడి చాలు, నీళ్లు నిలవ ఉంచకండి.

పైన గ్రీన్ నెట్ కట్టి ఉంటే కుండీని ఆ నెట్ కింది నుంచి బయటికి జరపండి. నెట్ గుండా వచ్చే వెలుతురు ఆకుపచ్చగా ఉంటుంది. తెల్ల పువ్వు పాచిపట్టినట్టూ, గులాబీ పువ్వు బూడిద రంగుగానూ కనిపిస్తాయి. తర్వాత ఎడిటింగ్‌లో ఎంత తంటాలుపడ్డా అది పూర్తిగా పోదు. పూల ఫోటోలు బాగా రావట్లేదని చెప్పేవాళ్లలో చాలామందికి అసలు కారణం ఈ నెట్టే.

ఇంకో ముఖ్యమైన పని: ఇంట్లో పూజకి పూలు కోసే వాళ్లతో రాత్రే మాట్లాడుకోండి. తెల్లవారగట్ల లేచేది వాళ్లు, మీరు కాదు. మీరు కెమెరా పట్టుకుని మిద్దె ఎక్కేసరికి పువ్వు దేవుడి పటం దగ్గర ఉంటుంది. "ఫోటో అయ్యాక నేనే కోసి ఇస్తానమ్మా" అంటే ఎవరూ కాదనరు.

2. ఏ వేళ తీయాలి

మన జిల్లాలు తూర్పు తీరాన ఉన్నాయి కనుక తెల్లారడం తొందరగానే తెల్లారుతుంది. జూన్‌లో ఐదున్నరకల్లా సూర్యుడు పైకొస్తాడు. కానీ అప్పటికి పువ్వు పూర్తిగా విచ్చుకోదు. రేకులు సాఫీగా పరచుకునే దాకా ఆగితే ఎండ ముదురుతుంది, పైగా సముద్రపు గాలి మొదలవుతుంది. కళింగపట్నం, భావనపాడు, భోగాపురం వైపు తీరాన ఉన్న ఇళ్లలో ఈ గాలి బాగా తెలుస్తుంది.

మధ్యేమార్గం ఏడు నుంచి తొమ్మిది. ఏడింటికి మొదటిసారి చూడండి. రేకుల మధ్య ముడతలు పోయి, ఒకదాని మీద ఒకటి ఎక్కి చక్రంలా పరచుకుంటే మొదలుపెట్టండి. పదకొండు దాటితే ఎండకి పువ్వు అలసిపోయినట్టు కనిపిస్తుంది, అప్పుడు తీసి లాభం లేదు.

మబ్బు పట్టిన రోజు అదృష్టం. వాన ఆగిన వెంటనే వచ్చే వెలుతురు ఇంకా మంచిది. అయితే మోష్యుటోస్ రేకు వాన దెబ్బకి మచ్చలు పడుతుంది, గట్టి వాన వచ్చేలా ఉంటే కుండీని రాత్రే సన్‌షేడ్ కిందికి లాగండి.

ఏసీ గదిలోంచి కెమెరాని నేరుగా బయటికి తెస్తే మన తేమకి లెన్సు మీద ఆవిరి పట్టేస్తుంది. పావుగంట ముందే సంచిలోనే ఉంచి బయట పెట్టండి. ఫోనైతే లెన్సు అద్దాన్ని ఒకసారి తుడవండి. వేలి జిడ్డు ఉంటే ఎండలో ఫోటో అంతా పాలు పోసినట్టుగా వస్తుంది.

3. పువ్వుని సిద్ధం చేయడం

రేకుల మీద రాలిన పుప్పొడిని పొడి బ్రష్‌తో మెల్లగా ఊడ్చండి. నోటితో ఊదకండి, తుంపర్లు పడతాయి. తొడిమ దగ్గర తెల్లగా పిండినల్లి ఉందేమో చూడండి. మందారానికి అది వదలని పీడ. కంటికి కనిపించకపోయినా ఫోటోలో మాత్రం స్పష్టంగా కనిపిస్తుంది. ఉంటే తడి బ్రష్‌తో తీసేయండి. చీమలుంటే నిమిషం ఆగండి, లేదా వాటితోనే తీయండి, తప్పేం లేదు.

ఇంత బరువైన పువ్వు చిన్న గాలికే తలాడిస్తుంది. వెదురు పుల్లని కుండీలో గుచ్చి, పువ్వుకి ఓ చెయ్యంత కింద కొమ్మని క్లిప్పుతో పుల్లకి పట్టించండి. తొడిమ దగ్గరే పట్టించవద్దు, పువ్వు మెడ విరుగుతుంది.

స్ప్రే సీసాతో నీళ్లు చిలకరించి బిందువులు చేసే అలవాటు చాలామందికుంది. హైబ్రిడ్ మందారం రేకు మీద అవి కాసేపు నిలుస్తాయి. మోష్యుటోస్ పల్చటి రేకు మీద మాత్రం నీళ్లు మచ్చలుగా మిగులుతాయి. ఆ పువ్వు మీద చిలకరించకండి.

4. వెనక ఏముంది?

మిద్దె మీద పువ్వు వెనక ఏముంటుందో మనందరికీ తెలుసు: నీళ్ల ట్యాంకు, బట్టల తాడు, పక్కింటి డిష్, మోటారు పైపు. ఫోన్ తెర మీద పువ్వొక్కదాన్నే చూస్తూ ఇవన్నీ మరిచిపోతాం. నొక్కే ముందు తెర నాలుగు మూలలూ ఒకసారి చూడండి.

కుండీ జరపడం కుదిరితే జరపండి. కుదరకపోతే నల్ల చార్టుని పువ్వుకి కనీసం అర మీటరు వెనక పట్టించండి. మరీ దగ్గర పెడితే కాగితం గీతలు, నీడ కనిపిస్తాయి. తెల్ల పువ్వుకి, లేత గులాబీకి నలుపు బాగుంటుంది. ముదురు ఎరుపుకి నలుపు నాకు నచ్చదు, పువ్వు అంచులు చీకట్లో కలిసిపోతాయి. దానికి దూరంగా ఉన్న ఆకుల పచ్చదనమే మేలు.

5. వెనక్కి జరగండి

అసలు కీలకం ఇదే, కాస్త ఓపిగ్గా చదవండి.

పెద్ద పువ్వుని చూడగానే ఫోన్ పట్టుకుని దగ్గరికి పోతాం. ఫోన్ మామూలు లెన్సుతో 25 సెంటీమీటర్ల పువ్వు తెర నిండా రావాలంటే ఇంచుమించు పాతిక సెంటీమీటర్ల దూరానికి వెళ్లాల్సి వస్తుంది. పువ్వు మధ్యలోంచి పుప్పొడి కాడ ఐదారు సెంటీమీటర్లు మీ వైపు పొడుచుకొచ్చి ఉంటుంది. అంటే ఆ కాడ కొస ఫోన్‌కి ఇరవై సెంటీమీటర్లలో, రేకులు పాతికలో. దగ్గరున్నది పెద్దగా కనిపిస్తుంది కనుక కాడ ఉన్నదాని కన్నా దాదాపు పాతిక శాతం పెద్దగా వస్తుంది. రేకుల అంచులు వెనక్కి వంగిపోయినట్టుంటాయి. ఉబ్బిన కాడ, కుంచించుకుపోయిన రేకులు: పువ్వు చిన్నదిగా కనిపించడానికి కారణం ఇదే.

అదే మీటరు దూరం నుంచి మూడు రెట్ల జూమ్ లెన్సుతో తీస్తే ఆ తేడా ఐదారు శాతానికి పడిపోతుంది. రేకులు వాటి అసలు వెడల్పుతో పరచుకుని కనిపిస్తాయి. వెనకున్న ట్యాంకు కూడా చాలా వరకు ఫ్రేము బయటికి పోతుంది.

ఫోన్‌లో: రెండు రెట్లు లేదా మూడు రెట్లు గుర్తు నొక్కి, అడుగు వెనక్కి వేయండి. మరీ దగ్గరున్నప్పుడు చాలా ఫోన్లు మీకు చెప్పకుండానే జూమ్ లెన్సు వదిలి మామూలు లెన్సుకి మారిపోతాయి. తెర మీద బొమ్మ చిన్నగా గెంతితే అదే జరిగిందని అర్థం. ఇంకాస్త వెనక్కి జరగండి. పువ్వు బొమ్మ గుర్తు, అంటే మాక్రో మోడ్ వెలిగితే ఆపేయండి.

కెమెరాలో: లెన్సుని 55 దగ్గర పెట్టి, మీటరుకి కాస్త లోపలి దూరంలో నిలబడండి. ఫ్రేము ఎత్తంతా పువ్వు నిండుతుంది.

వెనకదంతా మసకబరిచే పోర్ట్రెయిట్ మోడ్ వాడవద్దు. కాడ చివర ఐదు చిన్న గుండ్రటి కొసలుంటాయి చూడండి, ఫోన్‌కి అవి పువ్వులో భాగమో వెనక దృశ్యమో తెలియక సగం చెరిపేస్తుంది.

6. ఫోకస్ ఎక్కడ?

ఎదురుగా తీస్తుంటే కాడ కొస మీద కాకుండా, కొసకి కాస్త వెనక, పసుపు పుప్పొడి గుత్తి మీద పెట్టండి. అప్పుడు ముందు కొస, వెనక రేకు గుండె రెండూ స్పష్టంగా ఉంటాయి.

కెమెరా వాడేవాళ్లకి ఒక లెక్క: 18–55 లెన్సుతో వచ్చే ఏపీఎస్-సీ సెన్సరు కెమెరాతో, లెన్సు 55 దగ్గర పెట్టి, పైన చెప్పిన దూరంలో ఎఫ్ 8 (లెన్సు రంధ్రం ఎంత తెరుచుకోవాలో చెప్పే అంకె) పెడితే ముందు నుంచి వెనక్కి సుమారు 8 సెంటీమీటర్ల లోతు స్పష్టంగా వస్తుంది. ఈ పువ్వు లోతుకి అది సరిపోతుంది. ఎఫ్ 5.6 కి 6 సెంటీమీటర్లే. లోతు గిన్నెలా ఉండే పువ్వైతే ఎఫ్ 11 కి వెళ్లండి. షట్టరు వేగం సెకనులో 1/250 వంతు కన్నా నెమ్మదించనీయకండి, గాలి ఆడుతుంటే 1/500. ఐఎస్‌ఓ (సెన్సరు వెలుతురుని పట్టుకునే స్థాయి) 400 అయినా, 800 అయినా పర్లేదు. కాస్త రవ్వ కనిపించినా ఎవరూ పట్టించుకోరు, ఊగిన పువ్వుని మాత్రం ఎడిటింగ్ కూడా బాగుచేయలేదు.

పక్క నుంచి తీస్తే కాడ, రేకు అంచు ఒకే దూరంలో ఉంటాయి కనుక ఫోకస్ బాధ తగ్గుతుంది. ముప్పావు కోణం, అంటే మీరు కాస్త పక్కకి జరిగి తీసేది, నా దృష్టిలో ఈ పువ్వుకి అన్నిటికన్నా బాగుంటుంది. ఎదురుగా తీసిన పువ్వు మందుల పెట్టె మీద బొమ్మలా ఉంటుంది.

7. ఎరుపు ముద్దకాకుండా

ఎరుపు పువ్వు చుట్టూ ముదురు ఆకులుంటాయి. ఫోన్ ఆ మొత్తం చూసి, "చీకటిగా ఉంది" అనుకుని వెలుతురు పెంచుతుంది. దాంతో రేకులోని ఎరుపు హద్దు దాటిపోతుంది. హద్దు దాటాక లేత ఎరుపుకీ ముదురు ఎరుపుకీ తేడా ఉండదు, ఈనెలు మాయమవుతాయి. మీరు చూసే ముద్ద అదే.

ఫోన్‌లో: పువ్వు మీద వేలు నొక్కి పట్టుకోండి, ఫోకస్, వెలుతురు లాక్ అవుతాయి. పక్కన సూర్యుడి గుర్తు వస్తే కిందికి జరపండి, రేకు మీద ఈనెలు తేలే దాకా. తెర మీద ఆకులు మరీ నల్లబడ్డాయని అనిపించినా ఆగకండి, ఆకుల్ని తర్వాత వెలిగించుకోవచ్చు. పోయిన ఎరుపు మాత్రం తిరిగి రాదు.

కెమెరాలో: ఎక్స్‌పోజర్, అంటే ఫోటో వెలుతురు సర్దే అంకె, మైనస్ 0.7 తో మొదలుపెట్టండి, ఎండలో మైనస్ 1. వీలైతే రా ఫైలుగా (కెమెరా కుదించని అసలు ఫైలు) తీయండి.

తెల్ల పువ్వుకి లెక్క తిరగబడుతుంది, అక్కడే చాలామంది తికమకపడతారు. ఫ్రేము నిండా తెలుపే ఉంటే కెమెరా దాన్ని బూడిద రంగుగా మార్చేస్తుంది, అప్పుడు ప్లస్ 0.3 నుంచి 0.7 పెంచాలి. అదే తెల్ల పువ్వు చిన్నగా, చుట్టూ నల్లటి ఆకులుంటే మళ్లీ మైనస్సే. ఫ్రేములో తెలుపు ఎక్కువా, ముదురు ఎక్కువా అని చూసుకుంటే టెన్షన్ ఉండదు.

ఎండ నేరుగా పడుతుంటే పంచెని పువ్వుకి రెండడుగుల పైన పరచి పట్టించండి. నీడ వైపు థర్మాకోల్ పెడితే కాడ కింద పడే నల్లటి నీడ మెత్తబడుతుంది. నేనైతే ఎనిమిది దాటాక పంచె లేకుండా తీయను.

8. రంగు, కొలత

వైట్ బ్యాలెన్స్‌ని (వెలుతురు రంగుని సరిచేసే సెట్టింగు) ఆటోలో వదిలేస్తే ఒక్కో ఫోటోకి ఒక్కో గులాబీ రంగు వస్తుంది. ఎండలో, పంచె కింద కూడా, 5200 నుంచి 5500 దగ్గర స్థిరంగా ఉంచండి. ఫోన్ ప్రో మోడ్‌లో ఈ అంకె కనిపిస్తుంది. సీన్‌ని చూసి రంగులు పెంచే ఆటోమేటిక్ సెట్టింగు ఉంటే ఆపేయండి, ఎరుపు ముద్ద కావడంలో దానికీ వాటా ఉంది.

పువ్వు ఎంత పెద్దదో చూసేవాళ్లకి తెలియాలంటే పక్కన తెలిసిన వస్తువు ఉండాలి. అన్నిటికన్నా మంచి కొలత మామూలు రేకు మందారం. మన వైపు పెరట్లో అది లేని ఇల్లు అరుదు. ఒకటి కోసి పెద్ద పువ్వు రేకు అంచున నిలబెట్టి ఒక ఫోటో తీయండి, సైజు గురించి ఇంకో మాట రాయక్కర్లేదు. చెయ్యి పెట్టాలంటే పువ్వు ముందు కాకుండా పక్కనే, అంతే దూరంలో పెట్టండి. కెమెరా వైపు ముందుకు చాచిన చెయ్యి పెద్దదై పువ్వుని మింగేస్తుంది.

9. ఎండకి ఎదురుగా ఒకటి

మోష్యుటోస్ ఉన్నవాళ్లు దీన్ని వదలకండి. ఏడు గంటల లోపు ఎండ ఏటవాలుగా ఉన్నప్పుడు, పువ్వు వెనక నుంచి వెలుతురు పడేలా నిలబడండి. అప్పటికి రేకులు పూర్తిగా పరచుకోకపోయినా పర్లేదు. పల్చటి రేకులోంచి వెలుతురు ఇవతలికి వచ్చి ఈనెలన్నీ బయటపడతాయి. లెన్సు మీద నేరుగా ఎండ పడకుండా ఎడమ చేత్తో నీడ పట్టండి, ఆ చెయ్యి ఫ్రేములోకి రాకూడదు. హైబ్రిడ్ మందారం రేకు మందం కనుక దానితో ఇంత అందం రాదు.

వచ్చిందో లేదో ఎలా చూడాలి

ఎండలో నిలబడి తెర చూసి "బాగా వచ్చింది" అనుకోకండి. ఎండలో ఫోన్ తెర వెలుతురు పెంచుకుంటుంది, చీకటి ఫోటో కూడా బాగున్నట్టే ఉంటుంది. నీడలోకి వచ్చి, తెర వెలుతురు సగానికి దింపి చూడండి.

కాడ కొస మీద పూర్తిగా జూమ్ చేయండి. పుప్పొడి గింజలు విడివిడిగా కనిపించాలి. తర్వాత ఎరుపు బాగా పడిన రేకు మీదికి వెళ్లండి. ఈనెలు లెక్కపెట్టగలిగితే సరే, లేకపోతే ఇంకాస్త చీకటిగా మళ్లీ తీయండి, పువ్వు ఇంకా అక్కడే ఉంది కదా. కెమెరాలో హిస్టోగ్రామ్ (ఫోటోలో చీకటి, వెలుతురు ఎంతెంత ఉన్నాయో చూపే గ్రాఫు) చూస్తే తెల్లటి మొత్తం గ్రాఫుని నమ్మకండి, ఎరుపు గ్రాఫు విడిగా చూడండి. మొత్తం గ్రాఫు బాగున్నా ఎరుపొక్కటే కుడి గోడకి గుద్దుకుని ఉండటం మందారాలతో మామూలే.

ఎడిటింగ్‌లో మొత్తం ఫోటో శాచురేషన్ (రంగు గాఢత) ముట్టుకోకండి. హైలైట్స్ తగ్గించి, నీడలు కాస్త పెంచి, ఇంకా ముద్దగా ఉంటే ఎరుపు శాచురేషన్ ఒక్కటి పది పదిహేను తగ్గించండి. వాట్సాప్‌లో పంపేటప్పుడు మామూలు ఫోటోలా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి, లేకపోతే అంత కష్టపడి కాపాడిన ఈనెలు అవతలివాళ్లకి చేరవు.

ఫ్లాష్ వాడొచ్చా?

ఫోన్ ఫ్లాష్ వద్దు. రేకు మధ్యలో తెల్లటి మెరుపు మచ్చ పడి చుట్టూ చీకటవుతుంది. వెలుతురు చాలకపోతే థర్మాకోల్ ఇంకాస్త దగ్గరికి జరపండి.

మొక్క ఇంకా పూయకపోతే

ఈలోగా బెండ పువ్వు మీద చెయ్యి తిప్పుకోండి. మందారం కుటుంబమే, అదే నిర్మాణం, మధ్యలో అదే కాడ. గోగు పువ్వు ఇంకా దగ్గర చుట్టం, నేరుగా మందారం జాతే. లేత పసుపు రేకులు, మధ్యలో ముదురు ఎరుపు మచ్చ. బొబ్బిలి, రాజాం, చీపురుపల్లి వైపు గోగు చేలు ఇదివరకటంత లేకపోయినా, వానాకాలం చివర పొద్దున్నే పొలాల వైపు వెళ్తే ఇప్పటికీ కనిపిస్తాయి. మధ్యాహ్నానికి ముడుచుకుపోతాయి కనుక పొద్దున్నే వెళ్లాలి. పువ్వు చిన్నది కనుక మూడు రెట్ల జూమ్‌తో ఎంత దగ్గరికి ఫోకస్ అవుతుందో అంత దగ్గరికి వెళ్లండి. లేత పసుపుకి మైనస్ 0.3 చాలు, ఎరుపంత తగ్గించక్కర్లేదు.